తెలియని సాఫ్ట్‌వేర్ ని అసలు సిస్టం లో వేయకముందు వీఎం లో టెస్ట్ చేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"అన్నా, ఈ సాఫ్ట్‌వేర్ మంచిదేనా, వేసుకోవచ్చా?" అని వారానికి నలుగురైనా అడుగుతాండారు. మొన్న ఇక్కడ అనంతపురంలోనే చీనీ (బత్తాయి) మండీలో లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకోని మా షాపుకి వచ్చినాడు. లోపల కమీషన్ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఉంది, టెలిగ్రామ్ లో ఎవరో ఫ్రీగా ఇచ్చినారంట. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు అకౌంట్లు అన్నీ ఉండే సిస్టం లో దాన్ని నేరుగా ఎక్కిద్దామని ఆయన ఆలోచన. ఆయన్ని కూర్చోబెట్టి, ఒక పూటంతా వీఎం లో వేసి చూపించినా. అదే పని ఏది ముందు, ఏది వెనక అనేది ఇక్కడ రాస్తాండా.

వీఎం అంటే వర్చువల్ మెషీన్, మీ సిస్టం లోపల నడిచే ఇంకో సిస్టం. బయటిదాన్ని హోస్ట్ అంటాం, లోపలిదాన్ని గెస్ట్ అంటాం. ఈ రెండు మాటలు గుర్తుంటే కింద రాసిందంతా అర్థమైపోతాది.

1. ఏది టెస్ట్ చేయాలి, ఏది ముట్టుకోకూడదు

తెలిసినవాళ్ళు ఇచ్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఫాంట్ కన్వర్టర్, ప్రింటర్ యుటిలిటీ, పీడీఎఫ్ టూల్, కాలేజీ ప్రాజెక్ట్ కోసం పిల్లోళ్ళు యాడనుంచో దించుకున్న ప్రోగ్రామ్, ఇట్లాంటివాటికే ఈ పద్ధతి.

వైరస్ అని ఖాయంగా తెలిసినదాన్ని "ఏం చేస్తాదో చూద్దాం" అని ఇంట్లో నడపొద్దు. దానికి వేరే సిస్టం, వేరే నెట్‌వర్క్, అనుభవం అన్నీ కావాల.

డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ ని ఊరికే నడిపించే క్రాక్ ఫైళ్ళ గురించి అడిగేవాళ్ళు శానామంది. నా మాట ఒకటే, అవి టెస్ట్ చేసేది కూడా దండగ. ఈ రోజు ఏమీ చేయని క్రాక్ రేపు ఏం దించుకుంటాదో మీ టెస్ట్ లో తెలియదు.

2. మీ సిస్టం కి ఆ శక్తి ఉందా

- ర్యామ్ 8 జీబీ ఉండాల. 16 ఉంటే హాయిగా ఉంటాది. 4 జీబీ తో మొదలుపెట్టొద్దు, హోస్ట్ కూడా హ్యాంగ్ అయిపోతాది.
- డిస్క్ లో 60 జీబీ దాకా ఖాళీ. ఎస్ఎస్‌డీ అయితే మేలు.
- ప్రాసెసర్ లో వర్చువలైజేషన్ ఆన్ అయ్యుండాల.

మూడోదే అందరూ మర్చిపోయేది. టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ లో సీపీయూ మీద నొక్కండి, కింద వర్చువలైజేషన్ అని ఉండి పక్కన ఎనేబుల్డ్ అని కనపడాల. డిజేబుల్డ్ అని ఉంటే సిస్టం రీస్టార్ట్ చేసి బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) లోకి పోయి, ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ లేదా ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనేదాన్ని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ ని ఆన్ చేసి సేవ్ చేయండి. మిగతావేవీ కదిలించొద్దు.

ఇంకోటి, విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైల్ ఒక్కటే 5 జీబీ పైన ఉంటాది. ఫోన్ డేటా మీద నడిచేవాళ్ళకి రోజు కోటా చాలదు, మధ్యలో ఆగిపోతే ఫైల్ పాడవుతాది. వైఫై ఉన్న చోట దించుకోండి.

3. శాండ్‌బాక్స్ పెట్టుకోవాల్నా, వర్చువల్‌బాక్స్ పెట్టుకోవాల్నా

విండోస్ ప్రో ఉన్నవాళ్ళకి విండోస్ శాండ్‌బాక్స్ అని దాంట్లోనే ఉంటాది. విండోస్ ఫీచర్స్ లిస్ట్ లో టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు, తెరిచిన ప్రతిసారీ కొత్త విండోస్, మూసేస్తే లోపలిదంతా మాయం. హోమ్ ఎడిషన్ లో ఇది రాదు. మనవాళ్ళ లాప్‌టాప్ లు ఎక్కువ హోమ్ ఎడిషన్లే.

శాండ్‌బాక్స్ లో రెండు సంగతులు చూసుకోవాల. మామూలుగా తెరిస్తే ఇంటర్నెట్ ఆన్ లోనే ఉంటాది, మీరు కాపీ చేసింది కూడా లోపలికి కనపడతాది. నెట్ లేకుండా చూడాలంటే శాండ్‌బాక్స్ తెరవకముందే హోస్ట్ వైఫై ఆపేయండి, వైరు ఉంటే పీకేయండి. ఇది సులువైన పద్ధతి. పది నిమిషాల చూపుకి శాండ్‌బాక్స్ బాగా పనికొస్తాది. ఒకే సాఫ్ట్‌వేర్ ని రెండు మూడు రోజులు వాడి చూడాలంటే మాత్రం వీఎం లు నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ కావాల.

రెండూ ఒకే సిస్టం లో పెట్టుకుంటే వర్చువల్‌బాక్స్ నత్తలాగా నడుస్తాది, ఎందుకనేది 9వ దాంట్లో చెప్తా. ఒకటి ఎంచుకోండి. కింద అంతా వర్చువల్‌బాక్స్ లెక్కనే రాస్తాండా. ఒరాకిల్ వాళ్ళ అధికారిక సైట్ నుంచే దించుకోండి, ఫ్రీనే. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని వేరేగా ఉంటాది, దాని లైసెన్స్ వేరే, మనకి అవసరం లేదు.

4. గెస్ట్ ని తయారు చేయడం

మైక్రోసాఫ్ట్ వాళ్ళే విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ ని 90 రోజులు చూసుకోమని ఎవాల్యుయేషన్ ఐఎస్ఓ ఇస్తారు, అది చాలు. మీ షాపు విండోస్ కీ దీంట్లో వాడొద్దు.

కొత్త మెషీన్ కి ర్యామ్ 4 జీబీ, కోర్లు 2, డిస్క్ 64 జీబీ పెట్టండి. డిస్క్ ని డైనమిక్ గా పెడితే వాడినంతే తింటాది, 64 మొత్తం ఒకేసారి పట్టదు. విండోస్ 11 టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ అడుగుతాది, వర్చువల్‌బాక్స్ 7 నుంచి అది లోపలే ఉంది కాబట్టి పాత వెర్షన్ ఉంటే ముందు అప్‌డేట్ చేసుకోండి. అనటెండెడ్ ఇన్‌స్టలేషన్ అని అడిగితే వద్దని చెప్పి చేత్తోనే ఇన్‌స్టాల్ చేయండి.

ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతాది. మీది ఇయ్యొద్దు. సైన్-ఇన్ ఆప్షన్స్ లో డొమైన్ జాయిన్ అనే దారి ఉంటాది, దాంట్లో పోతే ఉత్త లోకల్ యూజర్ తో పనైపోతాది.

విండోస్ ఎక్కినాక ఇదే వరసలో చేయండి, వరస మార్చొద్దు:

1. విండోస్ అప్‌డేట్లు అన్నీ అయ్యేదాకా ఆగండి.
2. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ నుంచి ఆటోరన్స్, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, టీసీపీవ్యూ అనే మూడు టూల్స్ లోపల పెట్టుకోండి. ఆటోరన్స్ సిస్టం తోపాటు దానంతటదే మొదలయ్యేవాటిని చూపిస్తాది, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఇప్పుడు నడిచేవాటిని, టీసీపీవ్యూ నెట్ లోకి పోయేవాటిని.
3. డాక్యుమెంట్స్ లో, డెస్క్‌టాప్ మీద ఉత్తుత్తి ఫైళ్ళు పది పెట్టండి, ఒక వర్డ్, ఒక ఎక్సెల్, రెండు ఫోటోలు ఇట్ల. మీవి మాత్రం కాదు.
4. అడ్మిన్ కాకుండా ఒక మామూలు యూజర్ ని కూడా తయారు చేయండి.
5. ఆటోరన్స్ ని అడ్మిన్ గా తెరిచి, వచ్చిన లిస్ట్ ని ఫైల్ గా సేవ్ చేయండి. తర్వాత పోల్చుకునేది దీంతోనే.
6. గెస్ట్ ని షట్‌డౌన్ చేసి, అప్పుడు స్నాప్‌షాట్ తీయండి, అంటే గెస్ట్ ఇప్పుడున్న స్థితిని దాచిపెట్టడం, తర్వాత ఎప్పుడైనా దీనికే వెనక్కి తిప్పొచ్చు. పేరు "శుభ్రం" అని పెట్టుకోండి.

ఆ ఉత్తుత్తి ఫైళ్ళు ఎందుకంటే, వచ్చింది ఫైళ్ళని లాక్ చేసే రకమైతే ముందు చేయి పెట్టేది వాటిమీదే. పేరు మారినా, తెరుచుకోకపోయినా మీకు వెంటనే తెలుస్తాది.

5. తలుపులు వేయడం

వీఎం ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు, కానీ వీఎం కి హోస్ట్ కి మధ్య మనమే తెరిచిపెట్టిన తలుపులు ఉంటాయి. నాకు జరిగిందే చెప్తా. కొన్నేండ్ల కిందట శ్రావణమాసంలో పెళ్ళి కార్డుల పని గట్టిగా ఉండేటప్పుడు, ఒక ఫాంట్ కన్వర్టర్ ని వీఎం లో వేసి చూసినా. ఫైళ్ళు అటూ ఇటూ మార్చుకునేదానికి సులువని నా డిజైన్ల ఫోల్డర్ మొత్తాన్ని షేర్డ్ ఫోల్డర్ గా పెట్టింటి, అది కూడా రాసే పర్మిషన్ తో. అరగంటకి గెస్ట్ లో ఫైళ్ళ పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు వచ్చినాయి. హోస్ట్ లో చూస్తే నా డిజైన్లకీ అవే అక్షరాలు. ధర్మవరం వాళ్ళ కార్డు ఒకటి తెల్లారితే ప్రింటింగ్ కి పోవాల, పెండ్లికొడుకు మేనమామల పేర్లతో సహా మొత్తం మళ్ళ టైప్ చేసినా. గెస్ట్ ని వెనక్కి తిప్పేది నిమిషం పని. హోస్ట్ లో పోయినవి తిరిగిరాలేదు.

కాబట్టి గెస్ట్ ఆపి ఉండేటప్పుడు సెట్టింగ్స్ లోకి పోయి ఒక్కొక్కటి చూడండి:

- షేర్డ్ ఫోల్డర్లు: లిస్ట్ ఖాళీగా ఉండాల.
- షేర్డ్ క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్: రెండూ డిజేబుల్డ్. మీరు హోస్ట్ లో పాస్‌వర్డ్ కాపీ చేసింటే గెస్ట్ లో ఉండేది దాన్ని చదవగలదు.
- యూఎస్‌బీ: ఏదీ గెస్ట్ కి ఇయ్యొద్దు. జీఎస్టీ, టెండర్ల పని చేసేవాళ్ళు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ని, డబ్బులు తీసిచ్చే సెంటర్ వాళ్ళు వేలిముద్ర మిషన్ ని టెస్ట్ అయ్యేదాకా సిస్టం నుంచే పీకి పక్కన పెట్టండి.
- నెట్‌వర్క్: మొదటి రౌండ్ కి (టెస్ట్ రెండు రౌండ్లు, 8వ దాంట్లో చెప్తా) "నాట్ అటాచ్డ్".

ఇక్కడ జాగ్రత్త. మన నోట్లో "నాట్" అంటే రెండున్నాయి. "నాట్ అటాచ్డ్" అంటే ఏ నెట్‌వర్కూ లేదని. ఎన్ ఏ టీ అనే మూడక్షరాల "నాట్" అంటే నెట్ ఉందని, తెరిచే ఉందని. ఫోన్ లో ఒకాయనకి "నాట్ పెట్టన్నా" అని నేను చెప్తే రెండోది పెట్టినాడు. అప్పటినుంచి ఫోన్ లో చెప్పేటప్పుడు "అటాచ్డ్ అనే మాట ఉండేది" అని విప్పి చెప్తాండా.

బ్రిడ్జ్‌డ్ అనేది మాత్రం ఎప్పటికీ వద్దు. అది పెడితే గెస్ట్ మీ రౌటర్ కి ఇంకో కంప్యూటర్ లాగా తగులుకుంటాది. 2017 మే లో వాన్నాక్రై అనే వైరస్ ఒక సిస్టం లో పడి అదే నెట్‌వర్క్ లో అప్‌డేట్ లేని మిగతా విండోస్ సిస్టం లకి దానంతటదే పాకింది, ఎవరూ ఏదీ నొక్కకుండానే.

అకౌంట్లు కూడా తలుపే. గెస్ట్ లో మీ జీమెయిల్, వాట్సాప్ వెబ్, బ్యాంకు ఏదీ లాగిన్ కావొద్దు. బ్రౌజర్ లో దాచిన పాస్‌వర్డ్ లు, లాగిన్ కుకీలు ఎత్తుకుపోయేదానికే తయారైన రకాలు ఉన్నాయి.

6. నడపకముందే ఫైల్ ని చూడండి

ముందు ఎక్స్‌టెన్షన్, అంటే ఫైల్ పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు. విండోస్ దాన్ని దాచిపెడతాది కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లో వ్యూ మెనూ లోకి పోయి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. బిల్ పీడీఎఫ్ అని కనపడింది బిల్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ అని తేలితే, అది పీడీఎఫ్ కాదు ప్రోగ్రామ్, ఇంక టెస్ట్ అక్కర్లేదు, డిలీట్ చేసేయండి.

తర్వాత ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్. ఆ ట్యాబ్ లేకపోతే సంతకం లేనట్ల. మన చిన్న ఊర్లలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు సర్టిఫికెట్ ఖర్చుకి వెనకాడి సంతకం పెట్టరు, అందుకని సంతకం లేనంత మాత్రాన దొంగ అనలేం. కానీ పేరున్న కంపెనీ సాఫ్ట్‌వేర్ అని చెప్పి సంతకం లేకపోతే, లేదా ఇంకెవరి పేరో ఉంటే, అది ఆ కంపెనీది కాదనే అనుకోండి.

మూడోది వైరస్‌టోటల్, ఒక ఫైల్ ని శానా యాంటీవైరస్ ఇంజన్లతో చూపించే సైట్. ఫైల్ నేరుగా ఎక్కించకుండా ముందు దాని హ్యాష్ (ఫైల్ కి వేలిముద్ర లాంటి అక్షరాల వరస) తో వెతకండి. 7-జిప్ ఉంటే రైట్ క్లిక్ లోనే ఎస్‌హెచ్‌ఏ-256 వస్తాది, 64 అక్షరాల పొడవు ఉంటాది, అది తీసుకుపోయి సెర్చ్ లో వేయండి. మీరు ఎక్కించిన ఫైళ్ళు సెక్యూరిటీ కంపెనీల వాళ్ళకి కూడా అందుతాయి, కస్టమర్ల వివరాలు ఉండే ఫైళ్ళు అక్కడ పెట్టనే కూడదు.

రిజల్ట్ ఎట్ల చదవాల్నంటే, ఇరవై ముప్పై ఇంజన్లు ఎర్రగా చూపిస్తే అయిపోయినట్లే. పేరు తెలియని ఒకటి రెండు ఇంజన్లు మాత్రమే అంటే, చిన్న లోకల్ సాఫ్ట్‌వేర్ కి ఊరికే కూడా అట్ల వస్తాది, వీఎం లో చూడండి. సున్నా వచ్చినా, ఆ ఫైల్ మొన్ననే పుట్టింటే ఆ సున్నాకి విలువ తక్కువ.

"ఇన్‌స్టాల్ చేయకముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని ఫైల్ తోపాటు నోట్ ఉంటే, జిప్ కి పాస్‌వర్డ్ పెట్టి ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసింటే, నేనైతే అక్కడే ఆపేస్తా.

7. ఫైల్ ని లోపలికి పంపడం

తలుపులన్నీ వేసినాం కదా, మళ్ళ ఫైల్ ఎట్ల పోవాల అని అడుగుతారు. సీడీ లాగా పంపండి. గెస్ట్ నడిచేటప్పుడు డివైసెస్ మెనూలో ఆప్టికల్ డ్రైవ్స్ లో డిస్క్ ఇమేజ్ తయారు చేసే దారి ఉంటాది, దాంట్లో ఆ ఒక్క ఫైల్ ని ఎంచుకుంటే లోపల సీడీ డ్రైవ్ లాగా కనపడతాది. గెస్ట్ దాన్ని చదవగలదు, దాంట్లో రాయలేదు. అదే మనకి కావాల్సింది. ఫైల్ ని లోపలి డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోని సీడీ ని ఎజెక్ట్ చేయండి.

8. టెస్ట్: రెండు రౌండ్లు

మొదటి రౌండ్, నెట్ లేకుండా.

మామూలు యూజర్ గా లాగిన్ అయ్యి నడపండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ఎందుకు అడుగుతాందో ఆలోచించండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కి అడగడం మామూలే. కాపీ చేసి నడుపుకునే చిన్న కన్వర్టర్ అడిగితే మామూలు కాదు.

ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్రతి పేజీ చదవండి, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టొద్దు. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ ని నిజంగా వాడండి, బిల్లు వేయండి, ప్రింట్ ఇయ్యండి, మూసేయండి. మూసినాక ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ లో చూడండి, ఇంకా ఏదైనా నడుస్తాందా అని.

అరగంట ఆగండి. రీస్టార్ట్ చేయండి, మళ్ళ ఇంకోసారి చేయండి. శానావాటి అసలు పని రీస్టార్ట్ అయినాకే మొదలవుతాది, ఈ సంగతి తెలియక జనం ఐదు నిమిషాల్లోనే "ఏం లేదప్పా, బాగుంది" అని తేల్చేస్తాండారు.

అప్పుడు చూడాల్సినవి:

- ఆటోరన్స్ లో పాత లిస్ట్ తో కంపేర్ కొట్టండి. కొత్తగా చేరినవి రంగులో కనపడతాయి.
- టాస్క్ షెడ్యూలర్ లో కొత్త పనులు ఏవైనా చేరినాయా.
- విండోస్ సెక్యూరిటీ లో యాంటీవైరస్ ఆన్ లోనే ఉందా, ఎక్స్‌క్లూజన్స్ (యాంటీవైరస్ చూడకుండా వదిలేసేవి) లో ఏదైనా ఫోల్డర్ చేరిందా.
- ఉత్తుత్తి ఫైళ్ళు అన్నీ తెరుచుకుంటాండాయా.

రెండో రౌండ్, నెట్ తో. ముందు "శుభ్రం" కి వెనక్కి తిప్పండి. ఎన్ ఏ టీ పెట్టినా కూడా గెస్ట్ మీ రౌటర్ ని, నెట్‌వర్క్ ప్రింటర్ ని, పక్క సిస్టం ని తాకగలదు, అందుకని హోస్ట్ ని షాపు వైఫై నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్ కి కలపండి. ఆ హాట్‌స్పాట్ మీద ఇంకెవరూ ఉండకూడదు. ఆ తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్ మార్చి, సాఫ్ట్‌వేర్ మళ్ళ ఇన్‌స్టాల్ చేసి, టీసీపీవ్యూ తెరిచి పెట్టుకోండి. ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రస్ కి పోతాందో అది చూపిస్తాది.

గుమాస్తా తెచ్చిన సాఫ్ట్‌వేర్ కథ ఇక్కడే బయటపడింది. మొదటి రౌండ్ లో లెక్కలు సరిగ్గానే వేసింది, ప్రింట్ కూడా వచ్చింది. ఆటోరన్స్ లో మాత్రం విండోస్ అప్‌డేట్ ని పోలిన పేరుతో ఒక కొత్త ఎంట్రీ చేరింది, సంతకం లేదు, ఫైల్ ఉండేది యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ లోపల. రెండో రౌండ్ లో సాఫ్ట్‌వేర్ మూసేసినాక కూడా ఆ ప్రాసెస్ నెట్ లోకి పోతానే ఉంది. కమీషన్ లెక్క వేసేదానికి మూసినాక నెట్ తో పనేముంది? ఆయనే స్క్రీన్ చూసి "వద్దులేన్నా" అని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టమన్నాడు.

ఏమీ కనపడకపోతే ఖాయంగా మంచిదని అర్థం కాదు. వీఎం లో ఉన్నామని కనిపెట్టి గమ్మున ఉండేవి కూడా ఉంటాయి. రెండు రౌండ్లు పాసైన సాఫ్ట్‌వేర్ ని కూడా ముందు బ్యాకప్ తీసి, అడ్మిన్ కాని యూజర్ కింద వాడండి. బ్యాంకు పని చేసే సిస్టం వేరేగా ఉంటే దాంట్లో వేయొద్దు.

9. మధ్యలో వచ్చే ఇబ్బందులు

*64 బిట్ ఆప్షనే కనపడ్లేదు, లేదా మెషీన్ స్టార్ట్ కాలేదు:* నూటికి తొంభై సార్లు బయోస్ లో వర్చువలైజేషన్ ఆఫ్ లో ఉంటాది.

*కింద మూల పచ్చ తాబేలు బొమ్మ, అంతా నిదానం:* హోస్ట్ లో విండోస్ సొంత వీఎం వ్యవస్థ హైపర్-వీ నడుస్తాందని అర్థం. శాండ్‌బాక్స్ ఆన్ చేసింటే దాని టిక్ తీసి రీస్టార్ట్ చేయండి. విండోస్ సెక్యూరిటీ లో మెమరీ ఇంటెగ్రిటీ వల్ల కూడా వస్తాది, కానీ అది హోస్ట్ ని కాపాడేది, స్పీడ్ కోసం దాన్ని ఆపొద్దు, నిదానంగానే నడుపుకోండి.

*డిస్క్ నిండిపోతాంది:* స్నాప్‌షాట్లు పేరుకున్నాయి. "శుభ్రం" ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. తీసేటప్పుడు టైం పడతాది, ఆ టైం లో కరెంటు పోతే మెషీన్ మొత్తం పాడైపోవచ్చు. ఎండాకాలం మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే ఆ పని పొద్దున్నే పెట్టుకోండి.

*స్నాప్‌షాట్ తీయడం మర్చిపోయి ఇన్‌స్టాల్ చేసేసినా:* అన్‌ఇన్‌స్టాల్ చేసి సరిపెట్టుకోవద్దు. ఆ గెస్ట్ ని డిలీట్ చేసి మళ్ళ కట్టుకోండి.

10. ఫోన్ లో వచ్చే ఏపీకే లు

వాట్సాప్ లో పెండ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలాన్ అని ఏపీకే ఫైళ్ళు (ఆండ్రాయిడ్ ఫోన్ లో యాప్ ఇన్‌స్టాల్ చేసేవి) వస్తాండాయి. వీటికి టెస్ట్ ఏమీ అక్కర్లేదు. పెండ్లి పత్రిక ఫోటో గానో పీడీఎఫ్ గానో వస్తాది కానీ యాప్ గా రాదు. పంపినాయన మీ బావమరిదే అయినా నొక్కొద్దు, ఆయన ఫోన్ లో అది పడి దానంతటదే పంపుతా ఉండొచ్చు, ఫోన్ చేసి చెప్పండి.

11. పనైనాక

- గెస్ట్ ని పవర్ ఆఫ్ చేసి "శుభ్రం" కి తిప్పండి.
- గెస్ట్ లో తయారైన ఏ ఫైలూ హోస్ట్ కి తెచ్చుకోవద్దు.
- సాఫ్ట్‌వేర్ టెస్ట్ లో తప్పింటే, హోస్ట్ లో ఉన్న ఒరిజినల్ ఫైల్, పెన్‌డ్రైవ్ కాపీ రెండూ తీసేయండి.
- నెట్‌వర్క్ ని మళ్ళ "నాట్ అటాచ్డ్" కి పెట్టండి.
- నెలకోసారి "శుభ్రం" ని లేపి, విండోస్ అప్‌డేట్ చేసి, కొత్త స్నాప్‌షాట్ తీసి పాతది తీసేయండి. వర్చువల్‌బాక్స్ ని కూడా అప్‌డేట్ లో ఉంచండి, గోడలో కన్నాలు దొరికినప్పుడు వాళ్ళు పూడ్చేది అప్‌డేట్ లలోనే.

ఒకవేళ హోస్ట్ లోనే ఏదో జరిగిందని అనుమానం వస్తే ముందు నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచో వేరే సిస్టం నుంచో మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్ లు మార్చండి, అదే సిస్టం లో కూర్చోని మార్చొద్దు. డబ్బు పోయింటే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి.

నేను షాపులో ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా, దాంట్లో తేదీ, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, హ్యాష్ లో మొదటి ఎనిమిది అక్షరాలు, ఏం చూసినానో రెండు లైన్లు రాస్తా. అదే సాఫ్ట్‌వేర్ ఇంకొకరు తెస్తే హ్యాష్ పోల్చి చూస్తా. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే ఫైల్, మళ్ళ మొదటి రౌండ్ నుంచే.